కోవిడ్ వార్డుకి వచ్చిన బామ్మర్ది

ముందుగా ఒక హెచ్చరిక. ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఆవిడ నేను చెప్పే ప్రతి మాటనీ నాలుగుతో భాగించి వింటుంది. బజారులో పదిమంది గుమిగూడారని నేనంటే, ఇద్దరో ముగ్గురో నిలబడి ఉంటారని ఆవిడ అర్థం చేసుకుంటుంది. ఇన్నేళ్ల కాపరంలో ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు. మీరూ అలాగే చదవండి. ఒక్కచోట మాత్రం భాగించొద్దు. ఇందులో వచ్చే ఆక్సిజన్ అంకెలు ఆవేళ మానిటర్ మీద ఎలా ఉన్నాయో అలాగే రాశాను. వాటికి గాలి కొట్టడానికి నాక్కూడా చెయ్యి రాలేదు.

నేను డాక్టర్ని కాను. ఆపరేషన్ థియేటర్లో టెక్నీషియన్ని. మత్తు డాక్టరు పక్కన నిలబడి సిలిండర్లు, గొట్టాలు, మానిటర్లు చూసుకునే ఉద్యోగం. మోకాళ్లు మొరాయించడంతో కాస్త ముందే రిటైరయ్యాను. నా పొట్టని మోయలేమని అవి చాలాకాలం నుంచే అర్జీ పెట్టుకుంటున్నాయి. ఆ పొట్ట గురించి ఇప్పుడే చెప్పేస్తాను, దీనికి దాంతో పనుంది. నేను తెనాలి స్టేషన్లో రైలు దిగితే పొట్ట ముందు దిగేది, నేను తర్వాతి స్టేషన్లో దిగేవాణ్ణి.

ఈమధ్య మా ఆసుపత్రిలో చేరిన కుర్ర టెక్నీషియన్లు కనబడినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు. "బాబాయ్, ఆ కోవిడ్ రోజుల్లో పాజిటివ్ వచ్చినవాళ్లకి ఆపరేషన్లు ఎలా చేశారు? అందరూ బాగానే లేచారా?" అని. అప్పుడు వాళ్లు ఇంట్లో కూర్చుని ఫోన్లో పాఠాలు వింటున్నారు. అందరూ లేవలేదు నాయనా. అది పెంచీ చెప్పను, తగ్గించీ చెప్పను. లేచిన ఒకాయన సంగతి చెబుతాను.

రెండో వేవు నాటి మాట. తెనాలిలో మాది ఓ మోస్తరు ఆసుపత్రి, పేరు వద్దులెండి. పై అంతస్తంతా కోవిడ్ వార్డు చేసేశారు. ఆగగలిగిన ఆపరేషన్లన్నీ ఆపేశారు. ఆగలేనివి మాత్రమే మా బల్ల మీదికి వచ్చేవి. ఆ సూట్లు వేసుకుని లోపలికి వెళ్లేవాళ్లం. తల నుంచి కాలి దాకా తెల్ల ప్లాస్టిక్కు, దాని మీద కళ్లజోడు, రెండు మాస్కులు, మొహానికి అడ్డంగా ఇంకో అద్దం. ఒక్క ఆపరేషన్ అయ్యేసరికి నా ఒంట్లోంచి కారిన చెమటతో రేపల్లె కాలవ చివరి పొలాలకి ఒక తడి ఇవ్వొచ్చు.

ఆ సూట్లలో ఎవరు ఎవరో తెలిసేది కాదు. ఒకసారి నేను సర్జన్ గారిని పట్టుకుని సిలిండరు ఎత్తమన్నాను. ఆయన పాపం ఎత్తేశాడు కూడా. అందుకని వీపు మీద మార్కరుతో పేర్లు రాసుకోమన్నారు. మా థియేటర్లో ఎవరు ఎవర్ని పేరు పెట్టి పిలిచారు గనక? నన్ను అందరూ బాబాయ్ అనేవారు, బాబాయ్ అని రాశారు. హెడ్ నర్సు వీపు మీద అక్క. సర్జన్ నాకంటే చాలా చిన్నవాడే అయినా ఊరందరికీ అన్నయ్య, కాబట్టి అన్నయ్య. మత్తు డాక్టరమ్మ ఒక్కతే ఈ చుట్టరికాలు నాకొద్దంది. వైద్యుల్ని వాళ్ల పనితో గుర్తుపట్టాలని పట్టుబట్టి, వీపు మీద పెద్ద అక్షరాలతో 'మత్తు' అని రాయించుకుని తిరిగింది. బయటివాళ్లెవరైనా అద్దంలోంచి చూస్తే ఆసుపత్రిలో పెళ్లివారు దిగారనీ, అందులో ఒకావిడ పొద్దున్నే మొదలెట్టిందనీ అనుకునేవారు.

ఒక ఉదయం రేపల్లె నుంచి అంబులెన్స్ వచ్చింది. అందులో రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన ఉన్నాడు. సన్నటి మనిషి, పెద్ద గొంతు. రేపల్లెలో ఆయన టిక్కెట్ అని అరిస్తే పెనుమూడిలో జనం జేబులు తడుముకునేవారట. ఆయన పాజిటివ్ వచ్చి వారం అయింది, దగ్గు తగ్గలేదు. గజ్జల్లో హెర్నియా ఏళ్ల తరబడి ఉంది. ఎవరికీ చెప్పకుండా బిగించి గుడ్డ కట్టుకుని, ఆ మీద ప్యాంటు తొడుక్కుని ఉద్యోగం మొత్తం లాగించేశాడు. ఇప్పుడు ఈ దగ్గుకి పేగు బయటికి జారి అక్కడ ఇరుక్కుపోయింది. లోపలికి పోదు. వాపు, వాంతులు, నొప్పి.

సర్జన్, డాక్టరమ్మ గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడుకున్నారు. నేను పక్కనే ఉన్నాను.

"ఆగితే పేగు నల్లబడిపోతుంది. కోస్తే ఊపిరితిత్తులు తట్టుకుంటాయా అని నా భయం" అన్నాడు సర్జన్.

"గొంతులో గొట్టం వేస్తే ఈయన మళ్లీ దాని మీంచి బయటికొస్తాడని నేను చెప్పలేను" అంది డాక్టరమ్మ. "నడుముకి ఇంజక్షన్ ఇస్తా. మెలకువగానే ఉంటాడు, ఊపిరి ఆయనే తీసుకుంటాడు. నువ్వు ఎక్కువసేపు తీసుకోకు."

పాజిటివ్‌లో ఉన్నవాళ్లకి ఆపరేషన్ చేస్తే అసలు గండం ఆపరేషన్ అయ్యాకే. ఈ సంగతి మేం చదివి తెలుసుకోలేదు, చూసి తెలుసుకున్నాం. కుట్లు చక్కగా ఉండేవి, మనిషికి ఊపిరి ఆడేది కాదు. అందుకే ఆ ఇద్దరూ అంతగా ఆలోచించారు.

నడుము కింద మొద్దుబారాక అడ్డంగా గుడ్డ కట్టాం. గుడ్డకి అటు సర్జన్, ఇటు పెద్దాయన తలా నేనూ. మెలకువగా ఉన్న కండక్టరు ఊరుకుంటాడా? నీ సర్వీసు ఎన్నేళ్లు బాబూ అని గుడ్డ మీదుగా సర్జన్ని అడిగాడు. మీసం లేకపోతే పేషెంట్లకి నమ్మకం కలగదని సలహా ఇచ్చాడు. లోపల పేగు వంకాయ రంగులో ఉంది. సర్జన్ దాని మీద గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డలు కప్పి ఆగాడు. బతికి ఉంటే మళ్లీ ఎర్రబడాలి. లేకపోతే ఆ ముక్క కోసెయ్యాలి, అప్పుడిక పెద్ద ఆపరేషనే. ఆ రంగు తిరిగేదాకా థియేటర్లో ఒక్కరూ మాట్లాడలేదు, పెద్దాయన తప్ప. ఆయన ఎవరో డ్రైవరుకి ఎప్పుడో జరిగిన అపెండిక్స్ ఆపరేషన్ గురించి చెబుతున్నాడు. చెప్పీ చెప్పీ ఆయాసం వచ్చి ఆగేసరికి పేగు గులాబీ రంగుకి వచ్చింది. సర్జన్ దాన్ని లోపలికి పంపి కుట్టేశాడు.

మేమంతా గెలిచామనుకున్నాం.

వార్డుకి వెళ్లేసరికి మాస్కుతో తొంభై నాలుగు. మర్నాటికి తొంభై ఒకటి. ఆ మర్నాడు పొద్దున్నకి ఎనభై తొమ్మిది. థియేటర్లో అంత మాట్లాడిన మనిషి వార్డులో నోరు విప్పడం మానేశాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. లేచి కూర్చోమంటే కూర్చోడు. కుట్టు లాగుతుందని దగ్గడు. దగ్గకపోతే కఫం లోపలే ఉండిపోతుంది, ఊపిరితిత్తుల అడుగు మూసుకుపోతుంది. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది, గొట్టంలోంచి గట్టిగా గాలి పీలిస్తే బంతులు లేస్తాయి. అది చేతికిస్తే, నేనేమన్నా చంటి పిల్లాణ్ణా అని పక్కన పడేశాడు. ఇడ్లీ పెడితే తినలేదు. అక్క బతిమాలింది, డాక్టరమ్మ కేకలేసింది. ఆయన గోడకేసే చూశాడు.

పొద్దున్న రౌండ్స్‌లో డాక్టరమ్మ చెప్పేసింది. సాయంత్రం దాకా చూస్తుంది. ఇంకా దిగితే వెంటిలేటర్ గదికి మార్చక తప్పదు. ఆ గదిలోకి వెళ్లినవాళ్లలో నడిచి బయటికొచ్చినవాళ్లు ఎంతమందో మాకు తెలుసు. అందుకే ఆ మాటన్నాక ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు. చూసినా కనబడవనుకోండి, ఆ అద్దాల్లో.

ఆయన భార్య రేపల్లెలో, ఆవిడకీ జ్వరం, ఇంట్లో ఒక గదిలో ఉంది. అక్క ఆవిడకి ఫోన్ చేసి, మీ ఆయన ఎందుకిలా ముడుచుకుపోయాడమ్మా అని అడిగింది. ఆవిడ ఏడవలేదు. కొంచెం విసుక్కుంటూనే చెప్పింది. ఈయన జన్మలో ఒక్క పలకరింపు ఎగ్గొట్టినవాడు కాదట. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా బన్ను రొట్టెలూ, బత్తాయిలూ సంచిలో వేసుకుని బయల్దేరేవాడు. గుంటూరైనా సరే, చీరాలైనా సరే. తెలిసినవాళ్లని చూసి, ఆ పక్క మంచం మీద ఉన్న తెలియనివాళ్లని కూడా చూసి వచ్చేవాడు. అటువంటి మనిషికి కడుపు కోశారు, ఒక్క ప్రాణి గుమ్మం తొక్కలేదు. "రానివ్వరని తెలుసమ్మా ఆయనకి. తెలిసినా అదేదో అవమానంలా ఉంది" అంది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. బాపట్లలో ఆవిడ తమ్ముడున్నాడు. ఆ బావకీ ఈ బామ్మర్దికీ మాటల్లేవు. ఎప్పుడో ఈయన కంటికి ఆపరేషన్ జరిగినప్పుడు తమ్ముడు చూడ్డానికి రాలేదు. ఆ రోజుల్లో అతని చెరువులో రొయ్యలు పడుతున్నారు. నాకంటే రొయ్యలు ముఖ్యమయ్యాయా అని ఈయన అప్పట్నుంచీ అతని మొహం చూడలేదు. రొయ్యల కూర తినడం కూడా మానేశాడు. పెళ్లి భోజనాల్లో రొయ్యల వేపుడు వడ్డించడానికొస్తే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, అది మా బామ్మర్దికి పెట్టండి అనేవాడట.

మధ్యాహ్నం ఆక్సిజన్‌కి తడి పట్టించే సీసాలో నీళ్లు మార్చడానికి నేను ఆ మంచం దగ్గరికి వెళ్లాను. మానిటర్ మీద ఎనభై ఎనిమిది. సీసా బిగించి, మంచానికి అటువైపు, అంటే ఆయన మొహం తిప్పుకున్న గోడ వైపు దూరాను. ఆ సందులో నేనూ నా పొట్టా పట్టడానికి ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఆయన కళ్లు తెరిచాడు. ఎదురుగా తెల్ల ప్లాస్టిక్కులో ఒక పెద్ద పొట్ట. దాని పైన మంచు పట్టిన అద్దం. చాలాసేపు ఆ పొట్టనే చూశాడు.

"ఏరా, ఇప్పటికి తీరిందా?" అన్నాడు.

నేను వెనక్కి చూశాను. వెనక గోడ ఉంది.

"నిన్నేరా. ఎన్ని గుడ్డలు చుట్టుకున్నా ఆ పొట్ట నాకు తెలీదా? మీ అక్క పెళ్లిలో పీటల మీద కూర్చున్నప్పట్నుంచీ చూస్తున్నా. కంటి ఆపరేషనప్పుడు రానోడివి ఇప్పుడెందుకొచ్చావ్? నేను పోతే చూద్దామనా?"

నేను మీ బామ్మర్దిని కాదండి, టెక్నీషియన్ని అందామని నోరు తెరిచాను. రెండు మాస్కుల్లోంచి ఊ అని మాత్రమే బయటికొచ్చింది.

"ఊ అంట ఊ" అన్నాడాయన. పడుకుని తిట్టడం కుదరలేదో ఏమో, మోచెయ్యి ఆనించి లేవబోయాడు. నేను గబుక్కున దిండు తీసి కుట్టు మీద అదిమి పట్టుకోమని ఇచ్చాను. దిండు పొట్టకి హత్తుకుని నిటారుగా కూర్చున్నాడు. అక్కణ్ణుంచి మొదలెట్టాడు. రొయ్యలతో మొదలెట్టి అతని చెరువు, మోటారు, కొత్త బండి, మేడ మీద మేడ, వాళ్ల నాన్న, వాళ్ల తాత, అందర్నీ వరసగా దిగబెట్టాడు. రెండు మాటలకోసారి ఊపిరి లాగాడు. మధ్యలో దగ్గొచ్చింది. దిండు గట్టిగా అదుముకుని దగ్గాడు, కఫం పడింది, నోరు తుడుచుకుని మళ్లీ తిట్టాడు. నేను ఊ కొడుతూ మానిటర్ చూస్తున్నాను. ఎనభై తొమ్మిది. తొంభై. మళ్లీ ఎనభై తొమ్మిది. ఆయన మా తాతగారి, అంటే బామ్మర్ది తాతగారి దగ్గరికి వచ్చేసరికి తొంభై ఒకటి.

"కూర్చో, నిలబడ్డావేం. వచ్చినోడివి ఎలా జరిగిందని అడగవా?" అన్నాడు.

"ఎలా జరిగింది?" అన్నాను, గొంతు తగ్గించి.

అప్పుడు ఆపరేషన్ కథ చెప్పాడు. ఇక్కడ మీకో మాట చెప్పాలి పిల్లలూ. నాలాంటివాళ్లం పెంచి చెబుతామని పేరు పడ్డాం గానీ, ఆపరేషన్ చేయించుకున్నవాడి ముందు మేమెంత? మామూలు రోజుల్లో మన వార్డుల్లో మీరు చూసే ఉంటారు. కుట్లేసిన మర్నాటి నుంచి చుట్టాలు వస్తూనే ఉంటారు. వచ్చిన ప్రతివాళ్లకీ పేషెంటు మొదట్నుంచీ చెప్పాలి. నొప్పి ఎక్కడ మొదలైందీ, డాక్టరేమన్నాడూ, లోపల ఎంత ఉందీ. అది పడుకుని చెబితే బాగోదు, లేచి కూర్చుంటాడు. గొంతు పెంచుతాడు, చేతులు తిప్పుతాడు, వాళ్లు తెచ్చిన బత్తాయి ఒక తొన నోట్లో వేసుకుంటాడు. సాయంత్రానికి ఇరవైసార్లు చెప్పి ఉంటాడు. నేనన్నేళ్లు థియేటర్లో పనిచేసి కూడా దాన్ని రద్దీ అనుకున్నాను, వాచ్‌మన్‌ని పిలిచి జనాన్ని బయటికి పంపించమనేవాణ్ణి. ఆ బంతుల డబ్బా లేని రోజుల్లో మన జనం ఊపిరితిత్తుల్ని అలా కాపాడుకున్నారేమో. ఇది శాస్త్రం కాదు, నా ఊహ. నాలుగుతో భాగించండి.

సాయంత్రం రౌండ్స్‌కి తొంభై ఒకటి అలాగే నిలబడింది. డాక్టరమ్మ మార్చొద్దులే, రేపు చూద్దాం అంది. నేను జరిగింది చెప్పాను. నన్ను తన బామ్మర్ది అనుకున్నాడని చెబితే డాక్టరమ్మ, అక్క, సర్జన్ ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నవ్వు ఆగాక అక్క, రేపట్నుంచి అందరం పలకరింపుకి వెళ్దాం అంది.

వెళ్లాం. మా డ్యూటీ మధ్యలో ఎవరికి పది నిమిషాలు దొరికితే వాళ్లు. అక్క వెళ్లి పక్క వీధి కోడలినని చెప్పుకుంది. ఏ వీధి అని ఆయన అడగలేదు, కథ మొదలెట్టాడు. సర్జన్ కూడా వెళ్లాడు. సూట్లో ఆయన్ని పెద్దాయన గుర్తుపట్టలేదు. ఎలా చేశారండి ఆపరేషన్ అని సర్జన్ అడిగితే, ఏం చేశాడు బాబూ, కుర్రకుంక, చేతులు వణుకుతున్నాయి, నేనే గుడ్డ ఇవతల నుంచి ధైర్యం చెప్పి చేయించాను, పేగు తీసి బయట పెట్టి ఏం చెయ్యాలో తోచక చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు, అన్నాడు. సర్జన్ బయటికొచ్చి, ఇంత చదువు చదివి ఇదా నాకు దక్కింది అని గోడకి ఆనుకున్నాడు. డాక్టరమ్మ ఆయన్ని ఓదారుస్తూ, పోనీ మీసం పెంచు అంది.

కానీ అందరిలోకీ ఊపిరి నిండా మాట్లాడింది నాతోనే. బామ్మర్దిని తిట్టడానికి పట్టే దమ్ము ఇంక దేనికీ పట్టదు. రెండో రోజుకి తొంభై రెండు, మూడో రోజు తొంభై మూడు. మందులు, ఆక్సిజన్, డాక్టర్లు చేసింది నేను కొట్టెయ్యను, అవి లేకపోతే నా పొట్ట ఏం చేస్తుంది? కాకపోతే ఆ మందులు పనిచెయ్యడానికి మనిషి లేచి కూర్చోవాలి కదా.

నాకు మాత్రం లోపల పీకుతూ ఉంది. తిట్లు నాకు, పాపం ఆ బామ్మర్దికి. పెద్దాయన భార్య దగ్గర అతని నంబరు తీసుకుని బాపట్ల ఫోన్ చేశాను. టెక్నీషియన్ని అని చెప్పగానే, బావకేమైందండి అన్నాడు. భయపడకండి, మీ బావగారు బాగానే ఉన్నారు అన్నాను.

"నేనొస్తే చూస్తాడా అండి? నా మొహం చూడనని ఒట్టేసుకున్నాడు" అన్నాడు.

"మీరు రోజూ వస్తున్నారండి" అన్నాను. నన్ను చూసి మీరేనని మీ బావగారు అనుకుంటున్నారని జరిగింది చెప్పాను.

అతను అడిగాడు.

"బాగా తిడుతున్నాడాండి?"

"బాగానండి. మీ తాతగారి దాకా వచ్చారు."

"తిట్టేటప్పుడు ఆయాసం వస్తోందా?"

"మొదటి రోజు వచ్చిందండి. నిన్న మీ చెరువు సంగతంతా ఒక్క ఊపిరిలో లాగేశారు."

"తిట్టనివ్వండి" అన్నాడు. "మీరేం అనుకోకండి. నా తరఫున కాస్త పడండి."

ఇంటికి పంపించే ముందురోజు ఒక కష్టమైన కాన్పు కేసు వచ్చి నేను థియేటర్లోంచి కదల్లేకపోయాను. పెద్దాయన రోజంతా గుమ్మం చూశాడట. సాయంత్రం ఎవరూ చెప్పకుండానే లేచి, మంచాలు పట్టుకుంటూ వార్డు చివరిదాకా నడిచాడట. వాడు మళ్లీ ఎగ్గొట్టాడు అని ప్రతి మంచానికీ చెప్పుకుంటూ వెళ్లాడని అక్క చెప్పింది. ఆక్సిజన్ లేకుండా తొంభై ఐదు.

మర్నాడు ఉదయం చక్రాల కుర్చీలో గేటు దాకా నేనే తీసుకెళ్లాను. సూటు లేదు, మాస్కు ఒక్కటే. గేటు బయట కారు పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. మొహం చూడకముందే పొట్ట చూసి గుర్తుపట్టాను. నిజం చెప్పాలంటే నా కంటే ఒక అంగుళం తక్కువే. బన్ను రొట్టెల పొట్లం ఒక చేతిలో, బత్తాయిల సంచి ఒక చేతిలో. దూరంగానే నిలబడ్డాడు. దగ్గరికి రావాలో వద్దో తెలియక కాళ్లు మార్చి మార్చి నిలబడుతున్నాడు.

కుర్చీ ఆపాను. ఇద్దరూ చూసుకున్నారు.

"నిన్న రాలేదేరా?" అన్నాడు పెద్దాయన.

అతను నాకేసి చూశాడు. నేను ఆకాశంలోకి చూశాను.

"చెరువు దగ్గర పని పడింది బావా" అన్నాడు.

"మళ్లీ రొయ్యలేనా?"

"రొయ్యలే."

పెద్దాయన తల ఊపాడు. "సర్లే. మిగతా రోజులన్నీ వచ్చావుగా" అన్నాడు.

అతను పళ్ల సంచి కారు బానెట్ మీద పెట్టి, అటు తిరిగి మాస్కు సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం చాలాసేపు పట్టింది. తర్వాత వచ్చి కుర్చీ వెనక నిలబడి, నా చేతులు తప్పించి తను పట్టుకున్నాడు.

ఇదీ కేసు. ఇప్పుడు ఇందులో నేను కల్పించిందేమిటో చెప్పాలి. చెమట, సిలిండరు, వీపు మీద మత్తు, సర్జన్ మీసం, ఇవన్నీ భాగించుకుంటే సరిపోతాయి. ఒక్కటి మాత్రం భాగిస్తే పోదు. అది మొత్తం అబద్ధం.

పెద్దాయన నన్ను చూసి ఎప్పుడూ బామ్మర్ది అనుకోలేదు. ఆ మధ్యాహ్నం కళ్లు తెరిచి, ఎవరు బాబూ నువ్వు అని అడిగాడు. థియేటర్ టెక్నీషియన్ని అండి అని నేను స్పష్టంగానే చెప్పాను, మాస్కులున్నా వినబడింది. ఆయన నా పొట్ట చూసి అన్నాడు. "మా బామ్మర్దిక్కూడా ఇలాగే ఉంటుంది. వాణ్ణి నాలుగు మాటలు అనకుండా పోతానేమోనని బెంగగా ఉంది. ఓ పది నిమిషాలు కూర్చుంటావా? నువ్వేం మాట్లాడక్కర్లేదు, ఊ కొడితే చాలు."

జరిగింది అది. అక్కకీ, సర్జన్‌కీ, డాక్టరమ్మకీ మరోలా చెప్పాను, నవ్వొస్తుందని. బాపట్ల ఫోన్ చేసినప్పుడూ అదే చెప్పాను. అలా చెప్పానని పెద్దాయనకీ చెబితే ఆయన నవ్వి, కానివ్వు అన్నాడు. ఉన్నది చెబితే, మీ బావ మిమ్మల్ని తిట్టుకోవడానికి నన్ను అద్దెకి తీసుకున్నాడండి అని చెప్పాలి, అతను సిగ్గుతో గేటు దాకా కూడా రాడనిపించింది. అందుకే బావ పొరపడ్డాడనుకునే అతను గేటు దగ్గర రొయ్యల మాట చెప్పాడు. ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక చెప్పాడు. బాపట్ల ఆయన ఇది చదివితే నాకు ఫోన్ చేస్తాడు. చెయ్యనివ్వండి, పడతాను.

కుట్లు చూపించుకోవడానికి పెద్దాయన మళ్లీ వచ్చినప్పుడు, బామ్మర్ది బయట బండి నిలబెట్టే చోటు వెతుకుతుంటే, నేను ఆయన్ని పక్కకి పిలిచి అడిగాను. అన్నీ తెలిసి కూడా మిగతా రోజులన్నీ వచ్చావుగా అన్నారేంటండీ, అతను రాలేదని మీకు తెలుసుగా అని.

"వాడు రాలేదని నాకు తెలుసు బాబూ" అన్నాడాయన. "వచ్చినట్టేనని వాడికి ఉండాలి కదా."